రెండు కళ్లు చాలు: పక్కపక్క ఫోటోల్లో త్రీడీ ఎలా చూడాలి, అది ఎందుకు కనబడుతుంది

పక్కపక్కనే రెండు ఫోటోలు ఉంటాయి. చూడబోతే ఒకే ఫోటోను రెండుసార్లు అతికించినట్టుంటుంది. పైన ఎక్కడో "త్రీడీ" అని రాసి ఉంటుంది. ఫోన్‌లో ఇలాంటిది తగిలినప్పుడు దీనికేదో హెడ్‌సెట్ కావాలి కాబోలు అనుకుని పైకి తోసేస్తాం. నిజానికి ఏమీ కొనక్కర్లేదు. రెండు కళ్లూ బాగా పనిచేసేవాళ్లలో ఎక్కువమంది కొద్దిపాటి సాధనతో ఆ రెండిటినీ కలిపి, మధ్యలో నిజమైన లోతున్న మూడో బొమ్మను చూడగలరు. చెట్టు ముందుకొస్తుంది, గుడి వెనక్కి వెళుతుంది, రెంటి మధ్యా ఎంత ఖాళీ ఉందో తెలిసిపోతుంది.

నేర్పేవాళ్లు మాత్రం "కళ్లు వదులుగా పెట్టు, బొమ్మ లోపలికి చూడు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అంతమాత్రం చెబితే ఎవరికీ రాదు. కంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే ఎక్కడ ఆగిపోతున్నామో మనకే అర్థమవుతుంది. అందుకే ముందు కారణం చెప్పి, తర్వాత పద్ధతికి వస్తాను.

ఒక చిన్న పరీక్ష చేయండి. చూపుడువేలిని ముఖానికి జానెడు దూరంలో నిలబెట్టండి. వెనకాల కిటికీ గ్రిల్ కనబడాలి. ఒకసారి కుడికన్ను మూసి చూడండి, మరోసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు కదలకుండానే ఒక కడ్డీ మీద నుంచి ఇంకో కడ్డీ మీదికి దూకుతుంది. ఎడమకన్ను ఒక్కటే తెరిచి ఉన్నప్పుడు వేలు కుడివైపుకు జరిగినట్టు, కుడికన్ను ఒక్కటే తెరిచినప్పుడు ఎడమవైపుకు జరిగినట్టు కనబడుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పెద్దవాళ్లలో రెండు కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అంటే రెండు కళ్లూ రెండు వేర్వేరు చోట్ల నుంచి లోకాన్ని చూస్తున్నాయి. ఆ రెండు బొమ్మల తేడాను మెదడు కొలుస్తుంది. మనకు లోతుగా తోచేది ఆ కొలతే.

ఆ కొలత చాలా నాజూకైనది. మామూలు చూపున్న మనిషి రెండు కళ్ల మధ్య 40 ఆర్క్ సెకన్ల తేడాను, అంటే ఒక డిగ్రీలో తొంభయ్యో వంతును పట్టుకోగలడు. మీటరు దూరంలో ఉన్న రెండు వస్తువుల్లో ఒకటి 3 మిల్లీమీటర్లు వెనక ఉన్నా మనకు తెలిసేది ఇందువల్లే. సూదిలో దారం ఎక్కించడం ఒంటికన్నుతో ఎంత కష్టమో ప్రయత్నించి చూస్తే దీని విలువ తెలుస్తుంది. కానీ దూరం పెరిగేకొద్దీ ఈ శక్తి వేగంగా పడిపోతుంది. దూరం పదింతలైతే శక్తి వందో వంతు అవుతుంది. పది మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్ల తేడా ఉంటేగానీ తెలియదు. వంద మీటర్ల దగ్గర అయితే 30 మీటర్లు ఉండాలి. పొలం అవతల రెండు తాడిచెట్లు ఒకదాని వెనక ఒకటి పాతిక మీటర్ల ఎడంతో ఉంటే, ఏది ముందుందో మనం రెండు కళ్ల తేడాతో చెప్పడం లేదు. ఏది దేన్ని అడ్డుకుంటోంది, ఏది పెద్దగా ఉంది, ఏది మసకగా ఉంది అన్న గుర్తులతో చెబుతున్నాం. ఆ గుర్తులన్నీ మామూలు ఫోటోలో కూడా ఉంటాయి. లేనిదల్లా రెండు కళ్ల తేడా ఒక్కటే.

ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ వీట్‌స్టోన్ దీన్ని 1838లో రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది ఆ మరుసటి ఏడు, 1839లో. కాబట్టి ఆయన చేతిలో ఫోటోల్లేవు. ఒకే వస్తువును ఎడమకన్ను చూసినట్టు ఒక గీతల బొమ్మ, కుడికన్ను చూసినట్టు ఇంకొకటి గీశాడు. రెండు అద్దాలను ఏటవాలుగా పెట్టి ఒక్కో కంటికి ఒక్కో బొమ్మే అందేలా చేశాడు. కాగితం మీది గీతలు గాల్లో ఘనాకారంగా నిలబడ్డాయి. తర్వాత 1849లో డేవిడ్ బ్రూస్టర్ అద్దాల బదులు లెన్సులు పెట్టాడు. 1861లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ చేత్తో పట్టుకునే తేలికపాటి పరికరం చేశాడు. ఇప్పటి హెడ్‌సెట్లు, సినిమా హాల్లో ఇచ్చే కళ్లద్దాలు, ఎర్ర-నీలి కాగితపు కళ్లద్దాలు, అన్నిటి పనీ ఒక్కటే: ఎడమ బొమ్మ ఎడమకంటికి, కుడి బొమ్మ కుడికంటికి చేర్చడం. లోతు పుట్టించేది అవి కావు, మెదడు. ఆ చేరవేత ఒక్కటీ మన కళ్లే చేసుకోగలిగితే మధ్యలో పరికరం అక్కర్లేదు.

మరి కళ్లు ఎందుకు చేసుకోవు? చిక్కంతా ఇక్కడే ఉంది.

దేన్నైనా చూసేటప్పుడు కళ్లు రెండు పనులు చేస్తాయి. ఒకటి, రెండు కనుగుడ్లూ ఆ వస్తువు వైపు తిరగడం. దగ్గరి వస్తువైతే రెండూ ముక్కు వైపుకు తిరుగుతాయి, దూరానిదైతే దాదాపు తిన్నగా ఉంటాయి. రెండోది, కంటి లోపలి లెన్స్ ఆ దూరానికి ఫోకస్ అవడం. పుట్టినప్పటి నుంచీ ఈ రెండు పనులూ కలిసే జరుగుతూ వచ్చాయి. ఒకే కాడికి కట్టిన ఒంగోలు గిత్తల జోడీ అనుకోండి, ఒకటి అడుగేస్తే రెండోదీ వేస్తుంది. 30 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ చదువుతుంటే రెండు కళ్ల చూపుల మధ్య సుమారు 12 డిగ్రీల కోణం ఉంటుంది, ఫోకస్ కూడా 30 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. పరికరం లేకుండా త్రీడీ చూడాలంటే ఈ జోడీని కాసేపు విడదీయాలి. చూపు ఒకచోట కలవాలి, ఫోకస్ ఇంకోచోట ఉండాలి. నేర్చుకోవాల్సిన విద్య ఇంతే. మొదట్లో బొమ్మ మసకగా ఉండటం, కళ్లు మాటిమాటికీ పాత అలవాటుకు జారిపోవడం, అన్నీ దీనివల్లే. అవి మీ కళ్లలో లోపాలు కావు.

చూపును రెండు రకాలుగా విడదీయొచ్చు. ఫోన్‌కు ఇవతలే, అంటే గాల్లో ఒకచోట చూపులు కలిసి అక్కడి నుంచి ఒకదాన్నొకటి దాటి వెళ్లేలా చేయడం క్రాస్ వ్యూ. ఇందులో ఎడమకన్ను కుడివైపు ఫోటోను, కుడికన్ను ఎడమవైపు ఫోటోను చూస్తుంది. చూపులు ఫోన్‌కు అవతల, ఎక్కడో దూరంగా కలిసేలా చేయడం పారలల్ వ్యూ. ఇందులో ఎడమకన్ను ఎడమ ఫోటోను, కుడికన్ను కుడి ఫోటోను చూస్తుంది.

క్రాస్ వ్యూ నేర్పడం తేలిక, ఎందుకంటే చూపు నిలపడానికి వేలు ఉంటుంది. మా మేనల్లుడికి కావలిలో వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి నేర్పాను. మైపాడు ఒడ్డున ఇసుకలోకి లాగిపెట్టిన పడవల ఫోటో జత అది. బొటనవేలిని ఫోన్‌కూ ముఖానికీ మధ్యలో పెట్టి గోరునే చూడమన్నాను.

"మామా, వెనక నాలుగు ఫోటోలు కనబడతన్నాయి."

"కనబడనీ. వాటిని చూడబాక, గోరే చూడు. మధ్యలో రెండూ కలిశాయా?"

"లేదు, ఎడంగా ఉండాయి."

"అయితే వేలు ఇంకొంచెం నీ వైపుకు లాక్కో."

లాక్కున్నాడు. మధ్యలో రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, నాలుగు కాస్తా మూడయ్యాయి. ఇక్కడ చాలామంది తొందరపడి వేలు తీసేసి ఫోన్ వైపు చూస్తారు, దాంతో మళ్లీ రెండే మిగులుతాయి. వాడికి చెప్పిందేమిటంటే, కళ్లు కదపకుండా గమనం మాత్రం గోరు మీంచి మధ్య ఫోటో మీదికి తీసుకెళ్లమని. మొదట మసకగానే ఉంటుంది. కొన్ని క్షణాలు ఓపికపడితే ఫోకస్ తనంతట తనే వెనక్కి జరిగి తెర మీద నిలుస్తుంది, బొమ్మ తేటపడుతుంది. ఆ క్షణంలో వాడు "మామా, పడవ ముక్కు బయటికొచ్చేసింది!" అని అరిచాడు. లోపల వాళ్లమ్మ ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. ఒకసారి ఇలా దొరికాక ఇక వేలు అవసరం పడదు. సైకిల్ నేర్చుకున్నట్టే, ఒంటికి తెలిసిపోతుంది.

వేలు ఎక్కడ ఉండాలన్నదానికి లెక్క కూడా ఉంది. రెండు ఫోటోల మధ్యబిందువుల దూరం మీ కళ్ల దూరమంతే ఉంటే, వేలు ముఖానికీ తెరకూ సరిగ్గా సగంలో ఉండాలి. ఫోటోలు ఇంకా దగ్గరగా ఉంటే వేలు తెర వైపు జరగాలి, ఎడంగా ఉంటే ముఖం వైపు జరగాలి. ఇంకొక్క జాగ్రత్త: తల గానీ ఫోన్ గానీ పక్కకు ఒరగకూడదు. రెండు ఫోటోలను కలిపే గీత, రెండు కళ్లను కలిపే గీతకు సమాంతరంగా ఉండాలి. కళ్లు పక్కలకు సులువుగా తిరుగుతాయిగానీ ఒకటి పైకీ ఒకటి కిందికీ తిరగలేవు. పడుకుని ఫోన్ పట్టుకుని ప్రయత్నించేవాళ్లకు ఎంతకీ రాకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

పారలల్ వ్యూకు వేలు సాయం లేదు. ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని, దూరంగా ఎదురింటి గోడను చూస్తున్నట్టు కళ్లను వదలండి. అంతా మసకే. చూపును అలాగే ఉంచి ఫోన్‌ను మెల్లగా వెనక్కి జరపండి. 30 సెంటీమీటర్లు వచ్చేసరికి మధ్యలో మూడో ఫోటో నిలబడుతుంది. ఇంకో పద్ధతి: కిటికీలోంచి దూరపు చెట్టును చూస్తూ ఉండండి, చూపు మార్చకుండా ఫోన్‌ను కింది నుంచి చూపుకు అడ్డంగా తీసుకురండి. కొందరికి తెర అద్దంలో కనబడే తమ ముఖాన్ని చూసుకోవడం బాగా పనిచేస్తుంది. అద్దంలో ముఖం తెరకు అంతే దూరం వెనక ఉన్నట్టు ఉంటుంది కాబట్టి చూపులు తెర దాటి అవతల కలుస్తాయి. మధ్యబిందువుల మధ్య సుమారు 3 సెంటీమీటర్లున్న జతలకు ఇది సరిగ్గా సరిపోతుంది.

పారలల్ వ్యూ రాలేదని వదిలేసేవాళ్లలో చాలామందిని ఓడించేది కళ్లు కాదు, ఫోటో సైజు. మన కళ్లు లోపలికి బాగా తిరుగుతాయి, బయటికి దాదాపు తిరగవు. కాబట్టి రెండు ఫోటోల మధ్యబిందువుల దూరం కళ్ల దూరాన్ని, అంటే 63 మిల్లీమీటర్లను మించితే పారలల్‌లో కలపడం దాదాపు అసాధ్యం. ఫోన్‌ను అడ్డంగా తిప్పి తెర నిండా పెడితే ఒక్కో ఫోటో 7 సెంటీమీటర్లు ఉంటుంది, మధ్యబిందువుల దూరమూ అంతే. ఎంత ప్రయత్నించినా కలవదు. అదే ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే మధ్యబిందువుల దూరం మూడు నాలుగు సెంటీమీటర్లకు తగ్గుతుంది. అందుకే కొత్తవాళ్లకు నిలువుగా పట్టిన ఫోన్ కంటే మంచి సాధనం లేదని నేను గట్టిగా నమ్ముతాను. లాప్‌టాప్ తెర మీద పెద్ద జతలకు క్రాస్ వ్యూ ఒక్కటే దారి.

రెండిట్లో ఏది మంచిదన్న వాదన ఎప్పుడూ ఉండేదే. నా మట్టుకు నాకు పారలల్ ఇష్టం. క్రాస్ వ్యూలో బొమ్మ దగ్గరికొచ్చి చిన్నదైపోయినట్టుంటుంది. పారలల్‌లో అది దూరంగా, పెద్దగా, దాని సహజమైన చోట ఉన్నట్టుంటుంది. కళ్లు కూడా తక్కువ అలిసిపోతాయి. దగ్గరివి మాత్రమే బాగా కనబడేవాళ్లు, అంటే మైనస్ అద్దాలు పెట్టుకునేవాళ్లు, వాటిని తీసేసి పారలల్ ప్రయత్నించాలి. మైనస్ 3 పవర్ ఉన్న కన్ను ఏ శ్రమా లేకుండా 33 సెంటీమీటర్ల దగ్గర తేటగా చూస్తుంది కాబట్టి, ఫోకస్ గురించి దిగులే లేకుండా చూపును తిన్నగా వదిలేయొచ్చు. చత్వారం వచ్చినవాళ్లు చదువుకునే అద్దాలు పెట్టుకునే చూడాలి.

ఇప్పుడు వేలు పరీక్ష దగ్గరికి మళ్లీ వద్దాం. పారలల్ కోసం పెట్టిన జతను క్రాస్‌లో చూస్తే ఏమవుతుంది? లోతు తిరగబడుతుంది. చెట్టు ఉండాల్సిన చోట చెట్టు ఆకారంలో కన్నం, దాని ముందు ఆకాశం. కొత్తవాళ్లు ఇది చూసి "ఏదో త్రీడీగానే ఉంది కానీ వింతగా ఉంది" అంటారు. మనిషి ముఖం ఉన్న ఫోటోల్లో అయితే తేడా వెంటనే తెలియదు, ఎందుకంటే లోపలికి గుంటపడ్డ ముఖాన్ని చూడటానికి మెదడు ఒప్పుకోదు, ఉబ్బెత్తుగానే చూపిస్తుంది. జత ఏ రకమో ముందే తెలుసుకోవడానికి పక్కా గుర్తు ఉంది. ఫోటోలో బాగా దగ్గరగా ఉన్న వస్తువును, దాని వెనకాల ఉన్న దేన్నైనా ఎంచుకోండి. ఎడమకంటికి దగ్గరి వస్తువు కుడివైపు జరిగి కనబడుతుందని చూశాం కదా. ఎడమవైపున్న ఫోటోలో దగ్గరి వస్తువు వెనకటిదానికంటే ఎక్కువ కుడికి జరిగి ఉంటే అది ఎడమకంటి ఫోటోయే, కాబట్టి జత పారలల్‌ది. ఎక్కువ ఎడమకు ఉంటే క్రాస్‌ది.

ఫోటోలేవీ వెతక్కుండా ఇక్కడే సాధన చేయొచ్చు. ఈ మూడు వరసలను చూడండి:

పెన్న..పెన్న..పెన్న..పెన్న..పెన్న
పెన్న...పెన్న...పెన్న...పెన్న...పెన్న
పెన్న..పెన్న..పెన్న..పెన్న..పెన్న

చూపును పారలల్‌గా వదిలి, ఒక "పెన్న"ను పక్క "పెన్న" మీదికి ఎక్కించండి. సరిగ్గా కలిసినప్పుడు వరసలో ఐదుకు బదులు ఆరు కనబడతాయి. అప్పుడు మధ్య వరస మిగతా రెండిటికంటే వెనక్కి వెళ్లిపోతుంది. క్రాస్‌లో చూస్తే అదే వరస ముందుకొస్తుంది. మధ్య వరసలో నేను చేసిందల్లా ఒక చుక్క ఎక్కువ పెట్టడమే. ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వచ్చే చోట ఏ రెండిటిని జతకట్టాలో మెదడుకు తెలియదు, ఏ రెండు ఎదురుపడితే వాటినే ఒకటిగా తీసుకుంటుంది. పారలల్‌లో అయితే ఎడం ఎక్కువైనకొద్దీ దూరం ఎక్కువని, క్రాస్‌లో అయితే దగ్గరని లెక్కేస్తుంది. కిటికీ గ్రిల్, బాత్రూం గోడ టైల్స్, పడుగూ పేకా కనబడే చాప, చీరలో వరసగా వచ్చే బుటాలు, అన్నిటి మీదా ఇది జరుగుతుంది. ఉత్తినే చూస్తూ కూర్చున్నప్పుడు టైల్స్ గోడ ఉన్నట్టుండి వెనక్కి వెళ్లినట్టు అనిపించిందంటే, మీకు తెలియకుండానే పారలల్ వ్యూ వచ్చేసిందన్నమాట. 1990ల్లో పోస్టర్లుగా, పుస్తకాలుగా ప్రపంచమంతా తిరిగిన చుక్కల బొమ్మలు, చూస్తూ ఉంటే లోపల డైనోసారో గుండె ఆకారమో తేలేవి, ఈ సూత్రం మీద అల్లినవే. ఒకే బొమ్మలో రెండు కళ్లకు చాలిన సమాచారాన్ని దాచవచ్చని 1979లో క్రిస్టఫర్ టైలర్ చూపించాడు.

అంతకు ముందే, 1960 ప్రాంతంలో, హంగేరీలో పుట్టి అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన బేలా యూలెస్ ఇంకా పెద్ద సంగతి తేల్చాడు. కంప్యూటర్‌తో అడ్డదిడ్డమైన చుక్కల బొమ్మ ఒకటి చేయించి, దానికి నకలు తీసి, నకలులో మధ్యనున్న చదరపు ముక్కను కాస్త పక్కకు జరిపాడు. విడివిడిగా చూస్తే రెండు బొమ్మల్లోనూ చుక్కలు తప్ప ఏమీ లేవు. కలిపి చూస్తే మధ్యలో చదరం గాల్లో తేలుతుంది. అప్పటిదాకా చాలామంది అనుకున్నది వేరు: ముందు ఒక్కో కన్ను వస్తువును గుర్తుపడుతుంది, ఆ తర్వాతే మెదడు రెంటినీ పోల్చి లోతు చెబుతుంది అని. గుర్తుపట్టడానికి ఏ వస్తువూ లేనిచోట కూడా లోతు పుడుతోందంటే, ఆ కొలత గుర్తింపు కంటే ముందే జరిగిపోతోందన్నమాట. ఈ విషయం మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఇదే.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 తీసుకెళ్లిన ప్రజ్ఞాన్ రోవర్‌కు దారి చూసుకోవడానికి పక్కపక్కన రెండు కెమెరాలున్నాయి. అవి తీసిన విక్రమ్ ల్యాండర్ ఫోటోల జతను ఇస్రో సెప్టెంబర్ 5న ఎర్ర-నీలి త్రీడీ బొమ్మగా విడుదల చేసింది. చందమామ నేల మీద ల్యాండర్ కాళ్లు ఎంత ఎడంగా ఆనుకున్నాయో అందులో తెలుస్తుంది. కానీ ఎర్ర-నీలి కళ్లద్దాలు ఇంట్లో ఎవరికుంటాయి? ఆ బొమ్మలో ఎడమ ఫోటోను ఎరుపు రంగు పొరలో, కుడి ఫోటోను ఆకుపచ్చ, నీలం పొరల్లో పెట్టారు. రంగుల పొరలను విడదీసే ఏ ఎడిటింగ్ యాప్‌లోనైనా ఎరుపు పొరను ఒక నలుపు-తెలుపు ఫోటోగా, నీలం పొరను ఇంకో ఫోటోగా తీసి పక్కపక్కన పెట్టుకుంటే, కళ్లద్దాలు లేకుండానే చంద్రుడి మీది లోతు కనబడుతుంది. ఇంటర్ చదివే పిల్లలు ఉన్న ఇంట్లో ఒక సాయంత్రం చేసి చూడదగిన పని ఇది.

కళ్లు దగ్గరికి తెచ్చి ఆడితే మెల్లకన్ను వచ్చేస్తుందని పెద్దవాళ్లు భయపెడతారు. రాదు. కనుగుడ్లను లోపలికి తిప్పడం చదివేటప్పుడు మనం రోజంతా చేసే పనే. చూపులు దగ్గర కలపలేని ఇబ్బంది ఉన్నవాళ్లకు కంటి డాక్టర్లే పెన్సిల్‌ను ముక్కు దగ్గరికి తెస్తూ చూసే వ్యాయామం చెబుతారు. అలసట మాత్రం నిజం. కంటి వెనక బరువుగానో నొసలు నొప్పిగానో అనిపిస్తే ఆపేసి దూరంగా చూడండి, మర్నాడు మళ్లీ ప్రయత్నించొచ్చు.

ఎంత ప్రయత్నించినా రానివాళ్లూ ఉంటారు. వాళ్లను "నువ్వు సరిగ్గా చూడట్లేదు" అని సతాయించకూడదు. చిన్నప్పుడు మెల్లకన్ను ఉన్నవాళ్లలో, ఒక కన్ను మందగించినవాళ్లలో రెండు కళ్ల బొమ్మలను కలిపి పోల్చే ఏర్పాటు మెదడులో సరిగ్గా ఏర్పడకపోవచ్చు. పసితనంలోనే కళ్లకూ మెదడుకూ మధ్య ఈ అల్లిక ఎలా కుదురుకుంటుందో చూపించిన డేవిడ్ హ్యూబెల్, టోర్స్టన్ వీజెల్‌లకు 1981లో నోబెల్ వచ్చింది. ఆ వయసు దాటితే ఇక రాదని చాలాకాలం అనుకున్నారు. పసితనం నుంచి మెల్లకన్ను ఉన్న అమెరికా శాస్త్రవేత్త సూజన్ బ్యారీకి నలభై ఎనిమిదేళ్ల వయసులో, కంటి సాధనతో, మొదటిసారి లోతు కనబడింది. కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోయిందని చెప్పలేం, కానీ చిన్నప్పుడే పట్టుకోవడం వేరు. ఇంట్లో పసిబిడ్డ ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండో కన్ను మూస్తే చికాకుపడి చేయి తోసేస్తోందంటే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి. ఈ వ్యాసం చదివి ఒక్కరు ఆ పని చేసినా నాకు చాలు.

చూడటం వచ్చాక తీయడం మొదలుపెట్టాలనిపిస్తుంది. దీనికీ ప్రత్యేక కెమెరా అక్కర్లేదు. బరువు ఎడమకాలి మీద వేసి ఒక ఫోటో, ఫోన్ తిప్పకుండా బరువు కుడికాలి మీదికి మార్చి ఇంకో ఫోటో తీయండి. రెండిటి మధ్య ఆరేడు సెంటీమీటర్ల ఎడం వస్తుంది. మొదటిది ఎడమ, రెండోది కుడి. కొలాజ్ యాప్‌లో పక్కపక్కన పెడితే పారలల్ జత తయారు. ఎంత జరగాలన్నదానికి ఫోటోగ్రాఫర్లు వాడే అంచనా ఒకటుంది: ఫోటోలో అన్నిటికంటే దగ్గరున్న వస్తువు దూరంలో ముప్పయ్యో వంతు. రెండు మీటర్ల దూరంలో ఎద్దు ఉంటే ఆరేడు సెంటీమీటర్లు చాలు. 300 మీటర్ల దూరంలో తాడితోపు ఉంటే 10 మీటర్లు జరగాలి.

పది మీటర్లు పక్కకు జరగడానికి మన వైపు మంచి వాహనం ఉంది, రైలు. నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లే రైలు గంటకు 72 కిలోమీటర్ల మీద ఉందనుకోండి, సెకనుకు 20 మీటర్లు. అర సెకను ఎడంతో తీసిన రెండు ఫోటోలు తాడితోపుకు సరిపోతాయి. 60 మీటర్ల దూరంలో రొయ్యల చెరువు గట్టు ఉంటే 2 మీటర్లే కావాలి, అంటే సెకనులో పదో వంతు. అందుకే బటన్ నొక్కిపట్టి వరసగా ఫోటోలు తీసి, తర్వాత తీరిగ్గా సరైన రెండిటిని ఎంచుకోవాలి. పట్టాల పక్క కంచె, కరెంటు స్తంభాలు పడ్డ ఫోటోలను తీసిపారేయండి, అంత దగ్గరివి కలవవు. ఇంకొక్కటి: ఒంగోలు వైపు వెళుతూ పడమటి కిటికీలోంచి తీస్తే రైలు మీ కుడివైపుకు వెళుతుంది, కాబట్టి ముందు తీసింది ఎడమ ఫోటో. సముద్రం వైపు కిటికీలో తీస్తే ముందు తీసింది కుడి ఫోటో. ఇది తారుమారైతే చెరువు గట్టు కాలువలా కనబడుతుంది.

2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 చేసిందీ ఇదే పని. అప్పటికి శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోదే, 2022 విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లింది. ఆ ఉపగ్రహంలో ఒక కెమెరా 26 డిగ్రీలు ముందుకు, ఇంకొకటి 5 డిగ్రీలు వెనక్కి వంగి ఉండేవి. ముందు కెమెరా చూసిన నేలనే సుమారు 52 సెకన్ల తర్వాత వెనక కెమెరా చూసేది. ఆ రెండు బొమ్మల తేడాను బట్టే కొండల ఎత్తులు లెక్కగట్టారు. వెలికొండల ఫోటో జత తీయాలంటే మనకూ అంత ఓపిక కావాలి. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండకు 100 మీటర్ల ఎడం. ఉదయగిరి రోడ్డు మీద బస్సు గంటకు 36 కిలోమీటర్లతో పోతుంటే పది సెకన్లు. ఆ జతలో కొండ మడతలు ఒక్కొక్కటీ విడివిడిగా లేచి నిలబడతాయి. కొండ మొత్తం చిన్నదైపోయినట్టు కూడా అనిపిస్తుంది, ఎందుకంటే కళ్ల మధ్య వంద మీటర్లు ఉన్న మనిషికి అది ఎలా కనబడుతుందో మనం అలా చూస్తున్నాం. మబ్బులు కదలని పూట ఎంచుకోవాలి, లేదంటే కొండ మీది నీడలు రెండు ఫోటోల్లో రెండు చోట్ల పడి కంటిని ఇబ్బందిపెడతాయి.

ఒక్క సందర్భంలో ఈ ముప్పయ్యో వంతు లెక్కను పక్కన పెట్టమంటాను. చీమకుర్తి, రామతీర్థం క్వారీల గెలాక్సీ గ్రానైట్ మన వంటింటి గట్టుల మీద, మెట్ల మీద ఎక్కడ చూసినా ఉంటుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. పాలిష్ చేసిన పలక ముందు నిలబడి ఒక కన్ను మూయండి, తర్వాత ఇంకో కన్ను మూయండి. మెరిసే చుక్కలు మారిపోతాయి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం రేకులు. ఒక్కో రేకు ఒక్కో వాలులో ఉండి వెలుతురును ఒకే వైపుకు కొడుతుంది. ఎడమకంటికి వెలిగిన రేకు కుడికంటికి మామూలు గోధుమరంగు మచ్చ. ఒకే చోట ఒక కంటికి వెలుగూ ఇంకో కంటికి చీకటీ అందినప్పుడు మెదడు రెంటినీ సగం సగం కలపదు, తళుకుగా చూపిస్తుంది. లోహం, నీళ్లు, పట్టు మీది నిగనిగలో కూడా దీని పాలు ఉంది. గ్రానైట్ అమ్మేవాళ్లు పంపే ఫోటోల్లో ఆ రాయి పసుపు చుక్కలు చల్లిన నల్లబండలా చప్పగా ఉండటానికి ఒక కారణం, ఫోటో తీసేది ఒంటికన్ను కావడం. జతగా తీస్తే తళుకు తిరిగొస్తుంది.

అర మీటరు దూరం నుంచి తీస్తే లెక్క ప్రకారం ఒకటిన్నర సెంటీమీటరు జరిగితే చాలు. కానీ అంత తక్కువ జరిగితే రేకుల మెరుపు పెద్దగా మారదు. పలక చదునుగా ఉంది, ముందూ వెనకా లేదు, కాబట్టి ఎడం ఎక్కువైనా కళ్లకు ఇబ్బంది రాదు. నిండా ఆరు సెంటీమీటర్లు జరపండి. ఫ్లాష్ ఆపేయండి, ఎందుకంటే అది ఫోన్‌తో పాటే జరిగి మెరుపును తారుమారు చేస్తుంది. పక్క కిటికీలోంచి పడే పగటి వెలుతురే వాడండి. ఫోన్‌ను పలకకు తిన్నగా ఎదురుగా పట్టుకుని, ఒక స్కేలును ఆసరాగా పెట్టి దాని వెంబడే జరిపితే రెండు ఫోటోలూ ఎత్తుపల్లాలు లేకుండా వస్తాయి.